రతీబాకి బర్డ్ ఫ్లూ ఎలా వచ్చిందంటే

కైరోకి అవతల డెల్టాలో ఉన్న కఫ్ర్ సఫ్వాన్ ఊరికి కాపరానికి వచ్చిన రోజున రతీబా గంపలో ఆరు బాతుపిల్లల్ని కూడా వెంట తెచ్చుకుంది. అప్పటి నుంచి ముప్పై నాలుగేళ్లు ఆ ఇంటి డాబా మీద బాతుల గోల ఆగలేదు. కూతురు సబాహ్ పుట్టినప్పుడు మంత్రసాని ఇంకా బొడ్డు కోస్తుండగానే, "పైన నీళ్లు పెట్టారా లేదా?" అని రతీబా అడిగిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్ల గురించి ఆ తర్వాత అడిగిందట.

ఆవిడ భర్త మెత్వల్లీ కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకి అబద్ధం ఆడటం రాదు. నీతికి కట్టుబడి కాదు, నిజంగానే చేతకాదు. అబద్ధం ఇంకా నోట్లో తయారవుతుండగానే చెవులు రెండూ టమాటాల్లా ఎర్రబడిపోతాయి. ఊళ్లో ఏదన్నా తగువు వస్తే పెద్దమనుషులు ఆయన్ని సాక్ష్యానికి పిలిచి, ఆయన చెప్పేది వినడం మానేసి చెవుల వంకే చూసేవాళ్లు.

డాబాల మీద పక్షుల్ని పెంచకూడదని నిషేధం వచ్చి అప్పటికి మూడో ఏడు. పక్షుల జబ్బు మనుషులకి అంటుకుంటోందని, పోతున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువని టీవీలో రోజూ చెప్పేవాళ్లు. తెల్లసూట్ల వాళ్లు ఇల్లిల్లూ తిరిగి కోళ్లనీ బాతుల్నీ సంచుల్లో వేసుకుపోయేవాళ్లు. అయితే సూట్లు తొడుక్కునే ముందు వంతెన దగ్గర తప్పనిసరిగా టీ తాగేవాళ్లు. ఆ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు కబురు ఊరంతా పాకేది.

ఆ ఫిబ్రవరిలో కబురు అందగానే రతీబా పదకొండు బాతుల్నీ కిందికి దింపి, పడకగదిలోకి తోలి తలుపు వేసేసింది.

"ఎన్నాళ్లు?" అన్నాడు మెత్వల్లీ.

"వాళ్లు ఈ ఊరి మొహం చూడటం మానేదాకా."

"మరి నేనెక్కడ పడుకోను?"

"హాల్లో సోఫా లేదూ? నువ్వు మనిషివి, సర్దుకుంటావు. అవి సర్దుకోలేవు పాపం."

"నన్నడిగితే ఏం చెప్పమంటావు సబాహ్ వాళ్లమ్మా? నా సంగతి నీకు తెలుసుగా."

"ఏం చెప్పకు. 'ఆవిడనే అడగండి' అను. అందులో అబద్ధమేముంది?"

మెత్వల్లీ అద్దం ముందుకి వెళ్లి, "ఆవిడనే అడగండి" అని రెండుసార్లు అనుకుని చూశాడు. చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. అప్పుడు మాట ఇచ్చాడు. ఇస్తే తప్పే మనిషి కాదు.

తెల్లసూట్ల వాళ్లు ఇరవై రోజుల్లో మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ డాబా ఎక్కి, ఖాళీ గూళ్లు చూసి, దిగిపోయారు. ఇంట్లో పక్షులు లేవన్నదానికి గుర్తుగా వీధి తలుపు మీద ఆకుపచ్చ రంగుతో టిక్కు కొట్టారు. లోపల బాతులు మంచం కింద తొమ్మిది, మంచం మీద ఒకటి. పాషా అనే పెద్ద మగబాతు బీరువా అడుగు అరలో మెత్వల్లీ మంచి గలాబియా అంగీల మీద కాపరం పెట్టింది. కిటికీ తీస్తే అరుపులు బయటికి వినబడతాయని రతీబా కిటికీ కూడా మూసేసింది. వాటికి తోడుగా తనూ అక్కడే పడుకునేది.

పదిహేడో రోజున ఒక బాతు మెడ వాల్చేసింది. చచ్చి ఎవరికీ కాకుండా పోయేకంటే నయమని రతీబా దాన్ని కోసి, ఈకలు పీకి, సగం ములూఖియా ఆకుకూరలో వేసి వండింది. మిగతా సగం, పరదేశంలో భర్త దగ్గరున్న సబాహ్ సెలవులకి వచ్చినప్పుడు పనికొస్తుందని ఫ్రీజర్‌లో పెట్టింది. నాలుగో రోజుకి ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆయాసం. అంబులెన్సులో జ్వరాల ఆస్పత్రికి తీసుకెళ్లారు.

మూడో రోజుకి రిపోర్టు వచ్చింది. బర్డ్ ఫ్లూ.

"అమ్మా, ఇంట్లో పక్షులున్నాయా?" అని అడిగాడు డాక్టరు.

ఆక్సిజన్ మాస్కు కింద రతీబాకి ఊపిరి అందడం లేదు. అయినా "లేవు" అన్న మాట మాత్రం ఖంగుమని వచ్చింది.

"కోడి? బాతు? పావురం?"

"ఈకైనా లేదు."

డాక్టరు మెత్వల్లీ వైపు తిరిగాడు.

"ఆవిడనే అడగండి" అన్నాడు మెత్వల్లీ.

ఊరికి మనిషిని పంపితే తలుపు మీద ఆకుపచ్చ టిక్కు కనబడింది. దాంతో రతీబా కాగితం మీద, పక్షులతో ఎలాంటి సంబంధమూ లేకుండా బర్డ్ ఫ్లూ తెచ్చుకున్న మనిషి అని రాశారు.

ఆ ఒక్క వాక్యం ఎంత పని చేసిందో చెప్పాలి. పక్షి నుంచి రాకపోతే మనిషి నుంచి వచ్చి ఉండాలి. మనిషి నుంచి మనిషికి పాకడం మొదలైతే లోకం మునిగినట్టే. కైరో నుంచి రెండు జట్లు వచ్చాయి. మూడు దేశాల నుంచి పెట్టెలు మోసుకుంటూ పెద్దపెద్దవాళ్లు దిగారు. రతీబా నెల రోజుల్లో ఎవరెవరితో మాట్లాడిందో జాబితా రాయబోతే ఆవిడ మాట్లాడనివాళ్లు ఊళ్లో ఎవరూ తేలలేదు. అందుకని మసీదు ముందు బల్లలు వేసి అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టి చూశారు. మూడు వందల పన్నెండు ముక్కులు. పక్కింటి హమీదా బల్ల దగ్గర తుమ్మిందని ఆవిడది రెండుసార్లు.

ఇల్లు కూడా వెతికారు. ఆ రోజు హమీదా లేకపోతే రతీబా పని అయిపోయేదే. కఫ్ర్ సఫ్వాన్‌లో డాబాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. జట్టు ముందు గుమ్మంలోంచి వస్తుంటే హమీదా వెనక మెట్ల మీదుగా బాతుల్ని పైకి తోలి తన డాబా మీదికి దాటించింది. వాళ్లు హమీదా ఇంటికొస్తే అవతలింటికి. అలా ఆ మధ్యాహ్నం పది బాతులు ఏడు డాబాలు దాటి, చీకటి పడకముందే తిరిగి సొంతింటికి వచ్చేశాయి.

"పడకగది నిండా ఈకలున్నాయేంటి?" అని విదేశీ డాక్టరు దుబాసీ చేత అడిగించాడు.

"తలగడ చిరిగింది" అంది హమీదా. "ఈయన నిద్రలో కొరుకుతాడు."

మెత్వల్లీ చెవుల మీదికి తలపాగా కాస్త లాక్కున్నాడు.

పదహారు రోజులకి రతీబా బతికి బయటపడింది. పక్క మంచం మీది ఇరవై నాలుగేళ్ల అమ్మాయి బతకలేదు. ఆ అమ్మాయి అత్తగారు వార్డు బయట నేల మీద కూలబడి, "కోడి కోసింది నేను, పోయింది అది" అని అదే పనిగా అంటుంటే రతీబా విన్నది. ఇంటికొచ్చాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బాతులకి గిన్నెలో నీళ్లు పోసి, కాసేపు వాటి వంక చూస్తూ నిలబడి, తలుపు వేసేసింది.

గీజాలో డాక్టర్ మాగ్దా అనే ఆవిడ ఉండేది. మనుషులకి బర్డ్ ఫ్లూ రాకుండా టీకా తయారు చేసే ప్రయోగశాలకి పెద్ద. టీకాకి ఏదో ఒక వైరస్‌ని విత్తనంగా ఎంచుకోవాలి. ఆవిడ ఫ్రీజర్‌లో అలాంటివి చాలానే ఉన్నాయి. అన్నిట్లోకీ పక్షి లేకుండా వచ్చిన వైరస్సే భయంకరమైనది కదా అని, రతీబా గొంతులోంచి తీసినదాన్ని ఎంచుకుంది. దాని నంబరు నలభై ఏడు.

నెలకోసారి మాగ్దా స్వయంగా కారులో వచ్చేది. రతీబా చేతిలోంచి రెండు గొట్టాల రక్తం తీసుకునేది.

"నీ ఒంట్లో ఈ జబ్బుని ఎదిరించే బలం పుట్టింది పిన్నీ. మా టీకాకి అంత బలం ఉందో లేదో నీ రక్తంతో పోల్చి చూస్తాం" అనేది.

రతీబాకి గర్వంగానే ఉండేది. రక్తం తీసేటప్పుడు కొత్త గౌను వేసుకుని కూర్చునేది. గర్వం కింద ఏదో గుచ్చుకునేది కూడా. దాన్ని టీలో చక్కెరలా కలిపి మింగేసేది.

ఆరోసారి వచ్చినప్పుడు హమీదా కూతుర్ని చూడటానికి పెళ్లివాళ్లు వచ్చారు. అందుకని ఆ పూట బాతుల్ని దాటించడానికి కుదరక పడకగదిలోనే ఉంచేశారు. హాల్లో మాగ్దా సూది గుచ్చుతూ మాటల్లో పెట్టింది.

"నలభై ఏడుని కోరలు పీకిన పాములా చేశాం పిన్నీ. ఇప్పుడది ఎవర్నీ చంపలేదు. ఇక గుడ్లలో పెంచుతున్నాం."

"దేంట్లో?"

"కోడిగుడ్లలో. అయిదు వేల గుడ్లు పెట్టాం."

రతీబా చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. "అంటే డాక్టరమ్మా, మా డాబా మీద నాలుగు బాతులుంటే నేరమూ, మీ దగ్గర అయిదు వేల గుడ్లుంటే చదువూనా?"

మాగ్దా నవ్వబోయింది. సరిగ్గా అప్పుడే పడకగదిలోంచి పాషా గట్టిగా, "క్వాక్" అంది.

మెత్వల్లీ రతీబా మొహం చూశాడు. రతీబా మెత్వల్లీ మొహం చూసింది. అబద్ధం ఆడలేని ఆ మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని, ముందుకి వంగి, గొంతులోంచి, "క్వాక్" అని దగ్గాడు. దగ్గు మాట కాదు కదా. అబద్ధమెలా అవుతుంది?

లోపల పాషా రెండోసారి అరిచింది. మెత్వల్లీ వెంటనే రెండోసారి దగ్గాడు.

మాగ్దా సూది పక్కన పెట్టి, మాస్కు పైకి లాక్కుని లేచింది. స్టెతస్కోపు ఆయన వీపు మీద ఆన్చింది.

"బాబాయ్, ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి?"

"ఇప్పుడే మొదలైంది" అన్నాడు మెత్వల్లీ. అది నిజమే.

"గుండెల్లో నొప్పిగా ఉందా?"

"గుండెల్లో బరువుగా ఉంది." అదీ నిజమే.

ఇరవై ఏళ్ల అనుభవంలో అలాంటి దగ్గు తను వినలేదంది మాగ్దా. మనిషి నుంచి మనిషికి పాకే వైరస్, రోగి భర్త, ఎన్నడూ వినని దగ్గు. గంటలో అంబులెన్సు వచ్చింది. మెత్వల్లీని ఎక్కించుకుని వెళ్లి ఒంటరి గదిలో పెట్టారు.

పరీక్షలన్నీ చేశారు. ఎందులోనూ ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతో డాక్టర్లకి దిగులు ఇంకా పెరిగింది. ఏడో రోజున ఆయన ఫోన్ చేశాడు.

"సబాహ్ వాళ్లమ్మా, నిన్న నలుగురు వచ్చి నాచేత దగ్గించుకున్నారు. ఒకాయన కళ్లు మూసుకుని విన్నాడు. ఫోన్‌లో రికార్డు కూడా చేసుకున్నారు."

"మామూలుగా దగ్గలేకపోయావా?"

"దగ్గాను. రోగ లక్షణం మారుతోందని ఇంకో ఇద్దర్ని పిలిచారు."

"తిండి?"

"ఉడికించిన కోడి పెడుతున్నారు, రోజూ." ఆయన గొంతు తగ్గించాడు. "నేను మాట ఇచ్చాను. నా నోటితో చెప్పను. నువ్వు భయపడకు."

అదే రతీబాని కుదిపేసింది. తిట్టి ఉంటే ఆవిడ కూడా రెండు తిట్టి ఊరుకునేది. ఫోన్ పెట్టేసి, తలకి గుడ్డ కట్టుకుని, మర్నాడు పొద్దున్నే మైక్రోబస్సు ఎక్కి గీజా వెళ్లింది.

ప్రయోగశాల గేటు దగ్గర కాపలా మనిషి అడ్డుకున్నాడు.

"ఎవరు కావాలి?"

"డాక్టర్ మాగ్దా."

"పేరు పుస్తకంలో ఉండాలి."

"నా పేరుండదయ్యా, నంబరుంటుంది చూడు. నలభై ఏడు."

అతను లోపలికి ఫోన్ చేసి కనుక్కుని, ఆవిడని పైనుంచి కిందిదాకా చూశాడు. "నలభై ఏడు లోపల ఫ్రీజర్‌లో ఉందట. బయటికి రావడానికి వీల్లేదట."

"నేను బయటే ఉన్నాను కదా!"

"అదెలా కుదురుతుందమ్మా? తాళం వేసుంది."

ఈ వాదన పావుగంట నడిచింది. చివరికి మాగ్దానే అటుగా వస్తూ చూసి, లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేయించింది. రతీబా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. పదకొండు బాతులు, మూసిన కిటికీ, మెడ వాల్చిన బాతు, ఏడు డాబాలు, పాషా గొంతు. చెబుతున్నంతసేపూ మాగ్దా కళ్లద్దాలు తీసి తుడుస్తూనే ఉంది.

"పిన్నీ" అంది చివరికి చాలా నెమ్మదిగా. "మూడు దేశాల నుంచి మనుషులొచ్చారు. మూడు వందల పన్నెండు ముక్కుల్లో పుల్లలు పెట్టాం."

"హమీదాది రెండుసార్లు" అంది రతీబా.

"ఏడు నెలలు! నలభై ఏడో నంబరు మనుషుల్లోంచి పుట్టిందని నమ్మి ఏడు నెలలు పనిచేశాను. అదొక మామూలు బాతు వైరసా? మీ మంచం కింద బాతుదా?" మాగ్దా గొంతు పెరిగింది. గాజు గదుల్లో పనిచేస్తున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. "చచ్చిపోయేదానివి! నీకేమన్నా తెలుసా?"

"తెలుసు డాక్టరమ్మా. నా పక్క మంచం అమ్మాయి పోయింది. అది చూశాక కూడా నోరు విప్పలేదు నేను. ఎందుకో నువ్వే చెప్పు. నాకు తెలియడం లేదు." అప్పుడు కూర్చుంది రతీబా. తలగుడ్డ చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

మాగ్దా నీళ్ల గ్లాసు చేతికిస్తూ, ఏదో తట్టినట్టు ఆగిపోయింది.

"కోసిన బాతు సగం ఫ్రీజర్‌లో పెట్టానన్నావు. ఎప్పుడు తిన్నారు?"

"తినలేదు. సబాహ్ ఇంకా రాందే."

మాగ్దా చేతిలోంచి గ్లాసు జారిపోయింది.

ఆ సాయంత్రం కఫ్ర్ సఫ్వాన్‌లో జరిగిన ఊరేగింపు లాంటిది ఎవరి పెళ్లికీ జరగలేదు. ముందు పోలీసు జీపు, వెనక రెండు తెల్ల వ్యాన్లు. ఈసారి వంతెన దగ్గర ఎవరూ టీ తాగలేదు. నలుగురు తెల్లసూట్ల వాళ్లు వంటింట్లోకి వెళ్లి సగం బాతుని డబ్బాలో, ఆ డబ్బాని ఇంకో డబ్బాలో, దాన్ని మంచు నింపిన పెట్టెలో పెట్టి, నాలుగు మూలలా పట్టుకుని అడుగులో అడుగేస్తూ బయటికి తెచ్చారు. వీధి అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో పోయారనుకుని ఒకాయన ప్రార్థన కూడా మొదలుపెట్టేశాడు.

మిగిలిన పది బాతుల సంగతి తేలాలి. మాగ్దా మొహమాటపడుతూ విషయం ఎత్తబోయింది.

"నువ్వు చెప్పక్కర్లేదు" అంది రతీబా. "సంచుల్లో వాళ్లచేత వేయించకు, అంతే. నేనే అందిస్తాను."

ఆవిడకి కూడా సూటు తొడిగారు. మాస్కు పెట్టారు. ఒక్కో బాతునీ రెండు చేతుల్తో ఎత్తి, రెక్కలు సర్ది, అందించింది. పాషా దగ్గర కొంచెం ఆలస్యమైంది. అది కొత్త సూట్లో ఆవిడని గుర్తుపట్టక చెయ్యి కొరికింది. "కొరుకు, కొరుకు" అంది రతీబా. గ్లౌజు లోపల చెయ్యి నల్లగా కమిలి వారం రోజులు అలాగే ఉంది. ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు.

మెత్వల్లీని మర్నాడే వదిలేశారు. వదిలేముందు పెద్ద డాక్టరు, "ఆ దగ్గు నిజంగా మీరే...?" అని అడిగితే, "ఆవిడనే అడగండి" అన్నాడట.

మూడు వారాలకి మాగ్దా వచ్చింది. సగం బాతులో దొరికిన వైరసూ, రతీబా గొంతులో దొరికినదీ అచ్చంగా ఒకటే. ఆ జబ్బు గాల్లోంచి ఊడిపడలేదు, బాతులోంచే వచ్చింది.

"అయితే నీ ఏడు నెలలూ నీళ్లపాలేనా?" అంది రతీబా తలొంచుకుని.

"అదే వింత పిన్నీ. నేను ఎక్కడా లేని వైరస్సని దీన్ని ఎంచుకున్నాను. ఇది ఈ డెల్టాలో ప్రతి డాబా మీదా ఉన్నదేనట. ఎక్కడా లేనిదానికి టీకా చేస్తే ఎవరికి లాభం? అందరికీ వచ్చేదానికే కదా కావలసింది. తప్పుడు కారణంతో సరైనదాన్ని పట్టుకున్నాను. ఈ సంగతి పెద్దవాళ్లకి రిపోర్టులో ఎలా రాయాలో తెలియక చస్తున్నాను."

టీకా మనుషులకి వేసి చూసే రోజు వచ్చింది. ఇష్టపడి వచ్చేవాళ్లు కావాలి. కఫ్ర్ సఫ్వాన్‌లో ఇంకో చిక్కు పడింది. ఊరి మగవాళ్లు గుసగుసలాడుకుని, చివరికి ముగ్గురు పెద్దలు మెత్వల్లీ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఏం లేదు మెత్వల్లీ, ఆ సూదిలో ఉన్నది మీ ఇంటావిడ వైరస్ అంటున్నారు. పరాయి ఆడమనిషిది మా ఒంట్లోకి ఎక్కించుకోవడమంటే... నీకేమన్నా అభ్యంతరమా అని."

మెత్వల్లీ ఆలోచనలో పడ్డాడు. ఆయన జవాబు చెప్పేలోపు లోపలి నుంచి రతీబా వచ్చేసింది.

"అది నాది కాదు, బాతుది! నాది ఇదుగో, ఈ చేతిలో ఉంది, నెలనెలా డాక్టరమ్మ పట్టుకుపోతోంది. బాతుని తిన్నప్పుడు రాని సిగ్గు సూదికి వచ్చిందా? నా పక్క మంచం మీద పోయిన పిల్లకి ఇరవై నాలుగేళ్లు. పోయి వేయించుకోండి!"

ఇరవై ఒక్కమంది రెండు మైక్రోబస్సుల్లో వెళ్లారు. వాళ్లలో ఒకడు మెత్వల్లీ. జబ్బు వచ్చి తగ్గినవాళ్లకి అక్కర్లేదని రతీబాకి వేయలేదు. అందుకు ఆవిడ చాలా నొచ్చుకుంది. దారిలో తినడానికని అందరికీ ఫూల్ అనే చిక్కుడుగింజల కూర పెట్టి రొట్టెలు చుట్టి ఇచ్చింది.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం మాగ్దా ఫోన్ చేసింది. ఫలితాలు వచ్చాయట. రెండు మోతాదులు వేసుకున్న ప్రతి పదిమందిలో ఏడుగురికి రక్తంలో సరిపడా బలం వచ్చిందట.

"అంటే ముగ్గురికి రాలేదా?" అంది రతీబా.

"పిన్నీ, ఏడు అంటే చాలా మంచి ఫలితం."

"ఆ ముగ్గుర్నీ ఏం చేస్తావు?"

అవతలి నుంచి మాగ్దా, టీకాలో ఇంకో మందు కలిపి చూడాలని అనుకుంటున్నామని, మళ్లీ మొదటి నుంచి చేయాలని, అందుకు రక్తం కావాలని చెప్పింది. మంగళవారం రానా అని అడిగింది.

"మంగళవారం బట్టలుతుకుతాను. బుధవారం రా" అంది రతీబా. "తిని వెళ్లాలి కానీ. పప్పే వండుతాను."